పిట్లం దిక్కున కదలని మబ్బు

ఎల్లారెడ్డిలో ప్రభుదాసు అనే మనిషికి ఆకాశాన్ని లెక్కపెట్టే పని ఉండేది. వినడానికి పెద్దగా ఉంటుంది కానీ పని చిన్నదే. పొద్దున ఎనిమిదిన్నరకు, సాయంత్రం ఐదున్నరకు వానకొలత డబ్బా ఉన్న ఆవరణ మధ్యలో నిలబడాలి. నాలుగు దిక్కులూ ఒకసారి తిరిగి చూడాలి. ఆకాశం మొత్తం ఎనిమిది భాగాలనుకుంటే అందులో మబ్బు ఎన్ని భాగాలు కప్పిందో రిజిస్టర్లో ఒక అంకె వేయాలి. ఏమీ లేకపోతే సున్న. నీలం జాడ లేకుండా కమ్ముకుంటే ఎనిమిది. పందొమ్మిదేళ్లు ఆ అంకె వేశాడు. దాన్ని ఉద్యోగం అనడానికి లేదు. పార్ట్‌టైం పరిశీలకుడు అని కాగితం మీద ఉండేది, అంతే. మిగతా పగలంతా కూలికి పోయేవాడు, లేదంటే తనకున్న ఎకరంలో మక్కజొన్న చూసుకునేవాడు.

నేను కామారెడ్డి ఆఫీసులో గుమాస్తాను. నా పేరు ఆరిఫ్. ఎల్లారెడ్డి నుంచి వారానికోసారి వచ్చే ఆ అంకెలను కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. మబ్బుల గురించి నాకు తెలిసింది తక్కువ. అంకెల విషయంలో మాత్రం నాకో పిచ్చి ఉంది. రెండు వరుసలు పక్కపక్కన పెడితే అవి సరిపోవాలి. సరిపోకపోతే ఆ పూట నాకు అన్నం సహించదు. ఈ కథలో నా తప్పు అక్కడే ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

ప్రభుదాసుకు ఆ పని ఎలా దొరికిందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పోగులు వేయడంలో అతనికి పేరు. వాడకట్టులో పది పదిహేను ఇండ్లవాళ్లు కలిసి ఒక మేకను తెచ్చుకుంటే, మాంసాన్ని మోదుగాకుల మీద వరుసగా కుప్పలు వేస్తారు. ఒక్కో కుప్ప ఒక పోగు. తక్కెడ పెట్టరు. కంటితో చూసి, ఇక్కడి ముక్క అక్కడికి, అక్కడి బొక్క ఇక్కడికి మార్చి సమం చేయాలి. మెత్తటిదీ, బొక్కదీ, కార్జమూ అన్నీ అందరికీ అందాలి. చేసేవాడి మీద నమ్మకం లేకపోతే పండుగ పూట కొట్లాటే. అందుకే ఒక కట్టుబాటు ఉంది. పోగులు వేసినవాడు ముందు తీసుకోకూడదు. అందరూ తలా ఒకటి ఎత్తుకున్నాక మిగిలిన ఆఖరి పోగే అతనిది. ప్రభుదాసు వేసిన చోట ఏ పోగు తీసుకున్నా ఒకటేనని ఆడవాళ్లు పక్కదాని వంక చూడకుండా ఎత్తుకునేవాళ్లు. పందొమ్మిదేళ్ల కింద మా పెద్దసారు ఒకాయన ఒక దసరాకు అది చూసి, మాంసాన్ని ఇంత సమంగా పంచే కన్ను ఆకాశాన్ని పంచలేదా అని పనిలో పెట్టుకున్నాడట. ప్రభుదాసు కూడా భాగాలు అనేవాడు కాదు. ఫోన్ చేసి అడిగితే, ఇయ్యాల మూడు పోగులు సారూ అనేవాడు. మొదట్లో ఆ మాటకు నవ్వేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది.

ఆ ఏడాది జూన్ ఆఖర్లో ఆవరణలోకి యంత్రం వచ్చింది. ఛాతీ ఎత్తున ఒక తెల్లటి స్తంభం, దాని మీద బోర్లించిన గాజు గిన్నె, గిన్నె లోపల ఆకాశం వైపు తెరుచుకున్న కెమెరా. పగలంతా నిమిషానికి ఒక ఫోటో తీస్తుంది. నీలం ఎంత, నీలం కానిది ఎంత అని విడదీసి, ఎనిమిదిలో ఎన్ని భాగాలు మబ్బుందో తనే అంకె వేస్తుంది. ఈ నిమిషం ఫోటోను ముందు నిమిషం ఫోటోతో పోల్చి ఆ మబ్బు ఏ దిక్కుకు, ఎంత వేగంగా పోతోందో కూడా చెబుతుంది. పక్క గదిలో తెర మీద అంతా కనబడుతుంది. హైదరాబాదు నుంచి దాన్ని తెచ్చి నిలబెట్టిన శాస్త్రవేత్త నిహారిక మేడం. డిసెంబరు దాకా యంత్రం అంకె ఒక వరుసలో, మనిషి అంకె ఒక వరుసలో రాసి రెండింటినీ పోల్చాలని చెప్పింది. నియమం ఒక్కటే. ప్రభుదాసు తన అంకె వేశాకే తెర చూడాలి. గాజు గిన్నె మీద దుమ్ము పడితే యంత్రానికి చూపు ఆనదు కాబట్టి రోజూ పొద్దున మెత్తటి బట్టతో తుడిచే పని కూడా ప్రభుదాసుకే అప్పగించారు. తన స్థానంలోకి వచ్చినదాని మొహం తనచేతే తుడిపిస్తున్నారని మా ఆఫీసులో ఎవరికీ తోచలేదు. తోచినా ఎవరూ అనలేదు.

పోల్చాక ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. యంత్రంతో తన అంకె కలవకపోతే మనిషిదే తప్పంటారని, కలిస్తే తన పని నిలుస్తుందని అతను అనుకున్నాడు. నిజం దానికి తలకిందులు. రెండూ ఎప్పుడూ ఒకటే అయితే ఇక మనిషెందుకు? ఆ సంగతి నాకు తెలుసు. అతను అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. గుమాస్తాలకు ఇలాంటి న్యాయాలు చాలా ఉంటాయి.

జూలై, ఆగస్టు నెలల్లో రెండు వరుసల మధ్య అక్కడక్కడా తేడాలు వచ్చాయి. అతను నాలుగు వేస్తే యంత్రం ఐదు, అతను సున్న వేస్తే యంత్రం ఒకటి. అలాంటి వారాల్లో నేను విసుక్కుంటూ ఫోన్ చేసేవాణ్ణి. సరిగ్గా చూస్తున్నావా అన్నా అని అడిగేవాణ్ణి. నిజానికి సూర్యుడి చుట్టూ ఉండే తెల్లటి మసకను కూడా యంత్రం మబ్బు కిందే జమ కట్టేదట. అది నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పటికి నేను మనిషినే అనుమానించాను.

ఆగస్టు చివర కామారెడ్డిలో కంటి పరీక్షల శిబిరం పెట్టారు. ప్రభుదాసు భార్య ఈరవ్వ తన కళ్లు చూపించుకోవడానికి వచ్చి, పనిలో పనిగా అతన్నీ కూర్చోబెట్టింది. ఈరవ్వ కళ్లు బాగానే ఉన్నాయి. అతని ఎడమ కంట్లో మోతెబిందు, అంటే శుక్లం, మొదలైందని, ఇంకా ముదరలేదని, ఆరు నెలలకు మళ్లీ రమ్మని చెప్పారు. బస్సులో ఇంటికి పోతూ అతను, ఎవరికీ చెప్పకు అని ఒక్కమాట అన్నాడట. ఇది ఈరవ్వ నాకు డిసెంబరులో చెప్పింది.

సెప్టెంబరులో రెండు వరుసలూ కలిసిపోయాయి. ఒక్క అంకె తేడా లేదు. రెండో వారం కూడా అంతే. నాకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాను. అతను, మంచిదేనా సారూ అని అడిగాడు. మంచిదే, ఇట్లనే వేయి అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

అప్పటికి అతను ఏం చేస్తున్నాడంటే, ముందు గదిలోకి పోయి తెర చూస్తున్నాడు. తర్వాత బయటికొచ్చి ఆకాశం చూస్తున్నాడు. ఆకాశంలో తనకు కనబడినది తెర మీది అంకెతో కలవకపోతే తన కంటినే తప్పు పట్టుకుని తెర మీదిది వేస్తున్నాడు.

ఆ దసరాకు వాడకట్టు మేకను పోగులు వేయడానికి ప్రభుదాసు రాలేదు. నడుము పట్టుకుందని చెప్పించాడు. ఇంకెవరో వేశారు. రెండిండ్లవాళ్లు మాటామాటా అనుకున్నారు. అదే రోజు పొద్దున మా ఎల్లారెడ్డి అటెండరు గంగారాం ఆవరణలో ఆయుధపూజ చేశాడు. గడ్డపారకు, గొడ్డలికి, జీపుకు, వానకొలత డబ్బాకు పసుపు కుంకుమ పెట్టాడు. చివరికి కొత్త యంత్రం దగ్గరికొచ్చి, తూర్పుకు తిరిగి దండం పెట్టుకుని, గాజు గిన్నె మీద తన వైపున, అంటే పడమర పక్కన, నిండుగా ఒక బొట్టు పెట్టాడు. తొందరగా రాలిపోకుండా కుంకుమను నూనెలో కలిపి మరీ పెట్టాడు.

మర్నాడు పొద్దున ప్రభుదాసు బట్ట పట్టుకుని వచ్చి ఆ బొట్టు చూసి ఆగాడు. తుడవమని గంగారాంనే అడిగాడు. పూజ బొట్టును చేతులారా తుడుచుకుంటామా అన్నా, దానంతటదే పోతుంది అన్నాడు గంగారాం. ప్రభుదాసు చర్చికి పోయే మనిషి. ఇంకొకరు భక్తితో పెట్టిన బొట్టును తను చెరిపితే బాగుండదనుకున్నాడు. ఇద్దరిదీ పందొమ్మిదేళ్ల స్నేహం. ప్రతి క్రిస్మస్‌కూ మొదటి కేకు ముక్క గంగారాంకే పోతుంది. అందుకని బట్ట కొసను వేలికి చుట్టుకుని, బొట్టు అంచు కూడా తగలకుండా దాని చుట్టూ శుభ్రంగా తుడిచాడు. తర్వాతి రోజూ అంతే. గాజు మిలమిల మెరిసింది, బొట్టు పెట్టినది పెట్టినట్టే ఉంది.

కెమెరాకు బెత్తెడు దూరంలో ఉన్న బొట్టు, కెమెరా చూపులో పెద్ద మరకలా పరుచుకుంటుంది. యంత్రానికి బొట్టు తెలియదు. నీలం కానిదల్లా దానికి మబ్బే. కాబట్టి ఆ రోజు నుంచి పడమర వైపు, పిట్లం దిక్కున, రెండు భాగాల మబ్బు ఉందని రాయడం మొదలుపెట్టింది. ఆ తొమ్మిది రోజులూ నిజానికి చినుకు లేదు, మబ్బు లేదు. రైతులు రోడ్డు పొడుగునా మక్కలు ఆరబోసుకున్నారు. నా దగ్గరికి వచ్చిన కాగితంలో మాత్రం యంత్రం వరుసలో రెండు, మనిషి వరుసలో రెండు. పొద్దున రెండు, సాయంత్రం రెండు. సంతోషంగా ఎక్కించేశాను. కిటికీలోంచి బయటికి చూసినా అనుమానం రావలసింది. చూడలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం నిహారిక మేడం ఫోన్ చేసింది. పిట్లం వైపు ఒక మబ్బు తొమ్మిది రోజులుగా కదలకుండా ఉందని, దాని వేగం నిమిషం నిమిషానికీ సున్న అని చూపిస్తోందని, అలాంటి మబ్బు లోకంలో ఎక్కడా ఉండదని చెప్పింది. మర్నాడే కామారెడ్డి వచ్చి నన్ను కూడా బండిలో ఎక్కించుకుంది. లింగంపేట దాటేదాకా తీగ ఎక్కడో తెగి ఉంటుందని, అద్దం పగిలి ఉంటుందని చెబుతూనే ఉంది. ఎల్లారెడ్డిలో దిగి నేరుగా స్తంభం దగ్గరికి పోయి, గాజు మీది బొట్టు చూసి నోరు తెరిచి నిలబడింది.

గంగారాం ముందుకొచ్చి తనే పెట్టానన్నాడు. "గడ్డపారకు పెట్టిన, జీపుకు పెట్టిన. దీనికొక్కదానికి పెట్టకపోతే మంచిగుంటదా మేడం?"

ఆమె నవ్వింది. మేమూ నవ్వాం. రోజూ తుడుస్తున్నారు కదా, మరి ఇది ఎలా మిగిలిందని అడిగితే ప్రభుదాసు వేలికి బట్ట చుట్టి ఎలా తుడిచాడో చూపించాడు. దానికి ఆమె నవ్వలేదు. తుడిచేయమని గంగారాంకే చెప్పింది. అతను తడిబట్టతో బొట్టు తీసి, ఆ బట్టను కళ్లకద్దుకున్నాడు. మేం గదిలోకి పోయేసరికి తెర మీద పిట్లం దిక్కు ఖాళీ అయిపోయింది. రెండు ఉన్న చోట సున్న వచ్చింది.

వ్యవహారం అక్కడితో ముగిసిందనుకుని నేను చాయ్ తాగుదామన్నాను. ఆమె రిజిస్టర్ తెరిచింది. తొమ్మిది రోజుల అంకెల మీద వేలు నడిపింది. అప్పుడు నాకూ కనబడింది. మనిషి వరుసలో కూడా ప్రతి రోజూ రెండే.

"యంత్రం కంటి మీద కుంకుమ ఉంది ప్రభుదాసు గారూ. మీకేం కనబడింది?" అని అడిగింది ఆమె. గొంతు పెంచలేదు.

అతను చేతిలోని బట్టను మడత పెట్టాడు. మళ్లీ విప్పాడు.

"నాకు ఏం కనవడలే మేడం. అంత నీలంగనే ఉండె. గందుకే భయమైంది."

తర్వాత మోతెబిందు సంగతి చెప్పాడు. తెర మీద రెండని ఉంటే, బయటికొచ్చి ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి పిట్లం దిక్కు చూసేవాడట. ఎంత చూసినా ఏమీ కనబడేది కాదట. అందరికీ కనబడే మబ్బు నాకు కనబడకుండా పోయిందని అనుకున్నానన్నాడు. ఆమె అంకెల మీంచి వేలు తీసి, అక్కడ ఏమీ లేదు, మీరు చూసింది సరిగ్గానే చూశారు అంది.

ఆ మాట విని అతనికి ఊరట కలుగుతుందనుకున్నాను. కలగలేదు. చేతిలో ఉన్న సరైన లెక్కను తనే పారేసుకున్నానని అతనికి అప్పుడే తెలిసింది. పని పోతుందన్న భయం కన్నా అది ఎక్కువ బాధ పెట్టింది. అంత బాధపడే మనిషి మొహం చూడటం నాకు కష్టమై కిటికీ వైపు తిరిగాను.

ఆ తొమ్మిది రోజుల అంకెలు కొట్టేసి సంతకం పెట్టమని ఆమె ఎర్ర పెన్ను ఇచ్చింది. అతను కూర్చుని కొట్టేశాడు. తొమ్మిదో గీత దగ్గర ఆగలేదు. పేజీ వెనక్కి తిప్పాడు. దసరా ముందు వారంలో ఒకటి, దాని ముందు రోజుది, ఇంకో పేజీ వెనక్కి, సెప్టెంబరు మొదటి వారం దాకా. మొత్తం నలభైమూడు రోజులు. నిజంగా మబ్బు పట్టిన రోజులవి కూడా ఉన్నాయి అందులో. అవి తెర చూసి వేశాడో, ఆకాశం చూసి వేశాడో అతను చెబితే తప్ప ఎవరికీ తెలిసే దారి లేదు. అన్నా, చాలు అన్నాను. రెండోసారి కొంచెం గట్టిగానే అన్నాను. అతను ఆఖరి గీత గీసి, పెన్నుకు మూత పెట్టి, ఆమెకు తిరిగిచ్చాడు.

"పోగులేసెటోడు ఆఖరిది తీస్కోవాలె సారూ. నేను ముందుగాలనే నా పోగు చూస్కున్న" అన్నాడు నాతో.

మేడం రాసిన నివేదికను నేనే టైపు చేశాను. యంత్రం బాగా పనిచేస్తోందని, గాజు శుభ్రత మీద శ్రద్ధ పెట్టాలని, పరిశీలకుడి అంకెలు సెప్టెంబరు నుంచి పనికిరావని అందులో ఉంది. జూలై, ఆగస్టు నెలల్లో మసక ఉన్న రోజుల ఫోటోలు బయటికి తీసి చూస్తే యంత్రం అంకె కన్నా మనిషి అంకే సరిగ్గా ఉందని కూడా ఆమె రాసింది. అది ఆఖరి పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో. అక్కడిదాకా ఎవరూ చదవరు. టైపు చేసినవాణ్ణి కాబట్టి నేను చదివాను.

అక్టోబరు సగం నుంచి మనిషి వరుసను ఆపేశారు. డిసెంబరు మూడో వారంలో ఆర్డరు వచ్చింది. జనవరి ఒకటి నుంచి ఎల్లారెడ్డిలో పార్ట్‌టైం పరిశీలకుడి అవసరం లేదు. గాజు తుడిచే పని గంగారాం చూసుకుంటాడు. పోస్టులో పంపితే సరిపోయేది. కానీ ఆదివారం నాడు నేనే బస్సెక్కి తీసుకుపోయాను. ఇట్లనే వేయి అని చెప్పినవాణ్ణి నేనే కదా.

నేను పోయేసరికి వాడకట్టులో క్రిస్మస్ ముందరి మేక పడింది. మోదుగాకుల ముందు ప్రభుదాసు గొంతుక్కూర్చుని ఉన్నాడు. దసరా నాటి గొడవ తర్వాత అందరూ ఇంటికొచ్చి మరీ అడిగారని, రెండు రోజులు ఒప్పుకోలేదని, చివరికి తనే కోప్పడి పంపానని ఈరవ్వ చెప్పింది. కంటి సంగతి అప్పుడే నాకు మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. నా జేబులో కవరు చూసి అతనికి అర్థమైంది. అయినా పని ఆపలేదు. పద్నాలుగు పోగులు. ఒక ముక్క ఇటు, ఒక బొక్క అటు. చివర ఒకసారి వెనక్కి జరిగి, వరుస మొత్తం చూసి, మూడో పోగులోంచి వేలెడంత ముక్క తీసి పదకొండో దాంట్లో వేసి లేచాడు. ఆడవాళ్లు వచ్చి తలా ఒకటి ఎత్తుకున్నారు. ఒక్కరు కూడా వంగి పక్కదాన్ని చూడలేదు. చివరికి ఒక్క పోగు మిగిలింది.

చేతులు కడుక్కుని వచ్చి, చదవమన్నాడు. చదివాను. ఈరవ్వ చేతిలో పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆఖరుకు ఏది మిగిల్తె గదే సారూ" అని, వంగి మిగిలిన పోగును పళ్లెంలోకి ఎత్తాడు.

ఊరి ముల్లా బిస్మిల్లా చెప్పి జిబా చేసిన మాంసమే కాబట్టి నేను కూడా వాళ్లింట్లో తిన్నాను. సాయంత్రం నన్ను బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చాడు. దారిలో ఒకచోట హఠాత్తుగా ఆగిపోయాడు. గడియారం చూసుకుంటే ఐదున్నర. నడిరోడ్డు మీద నిలబడి నాలుగు దిక్కులూ తిరిగి చూశాడు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"మూడు పోగులు" అన్నాడు. నాతో కాదు, ఊరికే అన్నాడు. తర్వాత పక్కకు జరిగి నడిచాడు.

సోమవారం ఆఫీసులో ఎల్లారెడ్డి పట్టిక తెరిచాను. అక్టోబరు సగం నుంచి మనిషి వరుస ఖాళీగానే ఉంది. అందులో ఏదీ రాసే అధికారం నాకు లేదు. ఆదివారం, సాయంత్రం ఐదున్నర ఎదురుగా మూడు వేశాను. వేసేటప్పుడు పక్కనున్న యంత్రం వరుస మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అది ఎంత వేసిందో చూడలేదు. ఇప్పటికీ చూడలేదు.